స్నానాల గది అలంకరణ

స్నానాల గది అలంకరణ అనగా ఒక ఇంటిలోని స్నానాల గదికి కావలసిన నేల, గోడ పలకలు, రంగులు, కుళాయిలు, అద్దం, దీపాలు, తలుపు మొదలైనవాటిని ఆ ఇంటి మొత్తపు శైలికి పొసగేటట్లు ఎంచుకొని అమర్చుకోవడం. ఇది గృహాలంకరణలో ఒక భాగం. మిగిలిన గదులలో అలంకరణ చాలావరకు చూపుకు సంబంధించిన విషయం. స్నానాల గదిలో మాత్రం దానికి నీరు, జారుడు, చెమ్మ, విద్యుత్తు, వాడేవారి వయస్సు అనే అంశాలు తోడవుతాయి. అందువలన ఇక్కడ ఒక పలకను ఎంచుకోవడంలో జరిగే పొరపాటు కంటికి బాగుండకపోవడంతో ఆగక, కాలు విరగడం దాకా వెళ్ళవచ్చు.

ఇల్లు కట్టేటప్పుడు ముందు హాలు, పూజగది, వంటగది గురించి ఎంతో ఆలోచించి, స్నానాల గదిని పలకల దుకాణంలో ఒక పూటలో తేల్చివేయడం తెలుగువారి ఇళ్ళలో తరచుగా కనిపిస్తుంది. ఫలితంగా ఆ గది మరొక ఇంటినుండి తెచ్చి అతికించినట్లుగా ఉంటుంది. టేకు తలుపులు, నాపరాయి నేల ఉన్న ఇంట్లో నీలిరంగు అలలు, డాల్ఫిన్ బొమ్మలు ఉన్న గోడలు ఇటువంటి తొందరకు ఉదాహరణ.

చరిత్ర

స్నానానికి ఇంట్లో ప్రత్యేకమైన చోటు ఉండాలన్న ఆలోచన భారత ఉపఖండంలో చాలా పాతది. సింధు నాగరికతకు చెందిన మొహెంజొదారో నగరంలో అనేక ఇళ్ళలో కాల్చిన ఇటుకలతో కట్టిన స్నానపు అరుగులు బయల్పడ్డాయి. ఇటుకలను సందు లేకుండా పేర్చి, నేలను ఒక మూలకు వాలుగా మలచి, వాడిన నీరు వీధి కాలువలోకి పోయేటట్లు చేశారు. అదే నగరంలోని మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు కలిగి ఉంది. నీరు ఇంకిపోకుండా దాని గోడలలో తారువంటి సహజ పదార్థపు పొరను వాడారు. నేటి మేస్త్రీ నేలకు వాలు పెట్టి, పలకల కింద నీరు దిగని పూత వేయడం ఆ పనికి కొనసాగింపే.

హైదరాబాదులోని కుతుబ్ షాహీ సమాధుల ఆవరణలో ఉన్న హమామ్ మరొక ఉదాహరణ. రాజకుటుంబీకుల అంత్యక్రియలకు ముందు జరిగే స్నానానికి దీనిని వాడారు. వేడినీటికి, చన్నీటికి వేరు వేరు ఏర్పాట్లు, పైకప్పునుండి దిగే వెలుతురు ఇందులో ఉన్నాయి. చుట్టూ ఉన్న సమాధుల నిర్మాణశైలిలోనే ఇదీ ఉండడం గమనించదగినది.

తెలుగునాట సామాన్యుల పాత ఇళ్ళలో స్నానాల చోటు చాలావరకు ప్రధానమైన ఇంటి కప్పు కింద ఉండేది కాదు. కోస్తా ప్రాంతపు పెంకుటిళ్ళలో అది పెరట్లో, నూతికి దగ్గరగా ఉండేది. తాటాకు తడికల చాటున ఒక బండ, పక్కన నీళ్ళ గాబు, కొంచెం దూరంలో నీళ్ళపొయ్యి, దాని మీద రాగి కాగు ఉండేవి. వాడిన నీరు అరటి, కొబ్బరి, కంద మొక్కల పాదులలోకి పారేది. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాలలో ఇంటి వెనుక భాగంలో ఒక మూలన బండ పరచి, నీరు బయటకు పోయేందుకు తూము పెట్టి స్నానానికి, గిన్నెలు కడగడానికి వాడుకునేవారు. దీనికి జలదారి అనే పేరు ఉంది. వేరే అలంకరణ అంటూ లేకపోయినా ఈ చోట్లు ఇంటికి పరాయిగా అనిపించేవి కావు. ఇంటికి వాడిన రాయి, సున్నం, ఆకులనే వీటికీ వాడడం అందుకు కారణం.

మరుగుదొడ్డి సంగతి వేరు. పట్టణాలలోని పాత లోగిళ్ళ వెనుక కనిపించే సన్నని సందులు చాలాచోట్ల పారిశుధ్య పనివారు వచ్చి పోయేందుకు వదిలినవి. నీటి వసతి లేని పాకీదొడ్లను మనుషుల చేత శుభ్రం చేయించే ఆ పద్ధతి కొన్ని కులాలవారిపై తరతరాలుగా మోపబడింది. దీనిని నిషేధిస్తూ 1993లో ఒకసారి, మరింత విస్తృతంగా 2013లో మరొకసారి చట్టాలు వచ్చాయి. ఈ పద్ధతి నిర్మూలనకు కృషి చేసిన బెజవాడ విల్సన్ 2016లో రామన్ మెగసెసే పురస్కారం పొందారు. పాతకాలపు ఇంటి అందాన్ని మెచ్చుకునేవారు దాని వెనుక సందును కూడా గుర్తుంచుకోవడం సబబు.

మరుగుదొడ్డి ఇంటిలోనికి రావడానికి దారి తీసినది ఒక చిన్న వంపు. 1775లో అలెగ్జాండర్ కమింగ్ ఇంగ్లాండులో పేటెంటు పొందిన పరికరంలో, తొట్టి కింది గొట్టం వంపు తిరిగి ఉండి అందులో కొంత నీరు ఎప్పుడూ నిలిచి ఉండేది. ఆ నీరు అడ్డుపడి కాలువ దుర్వాసన లోపలికి రాదు. నేటి స్నానాల గదుల నేలలో ఉండే నహానీ ట్రాప్ కూడా ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. గొట్టాల ద్వారా నీరు, సెప్టిక్ ట్యాంకు లేదా భూగర్భ మురుగు కాలువ కూడా వచ్చిన తరువాత, పెరట్లోని రెండు వేరు వేరు చోట్లు కలిసి పడకగదికి ఆనుకొని ఉండే ఒకే గదిగా మారాయి. అప్పటినుండి దీనిని ఇంటి శైలితో పొసగించడం అనే ప్రశ్న తలెత్తింది.

ఇంటి శైలిని గుర్తించడం

ఇంటి శైలి అనగానే సోఫాలు, తెరలు గుర్తుకు రావడం సహజం. అవి మారిపోయే వస్తువులు. స్నానాల గదికి ప్రమాణంగా తీసుకోవలసినవి ఇంటిలో మారనివి: నేలకు పరచిన రాయి లేక పలక, తలుపుల చెక్క రంగు, కిటికీల ఆకారం, గడియలు, పిడుల లోహం, గోడల తెలుపు ఏ ఛాయలో ఉన్నది అనేవి. తెలుపులో కూడా సున్నపు తెలుపు, నీలపు తెలుపు, మీగడ తెలుపు వేరు వేరు. మీగడ రంగు గోడల ఇంటిలో నీలపు తెలుపు సింకు పెడితే ఆ గోడలు మాసినట్లు కనిపిస్తాయి.

స్నానాల గది మిగిలిన గదులకు నకలుగా ఉండనవసరం లేదు. ఇంటిలోని మారని వస్తువులలో రెండింటిని ఇక్కడ మళ్ళీ వాడితే చాలావరకు పొందిక ఏర్పడుతుంది. ఉదాహరణకు పడకగది నేల రంగును ఇక్కడి నేలలోను, తలుపు పిడుల లోహాన్ని కుళాయిలలోను కొనసాగించవచ్చు. మూడవది, నాలుగవది కూడా కలపాలని చూసినప్పుడు గది దుకాణంలోని నమూనా గదిలా తయారవుతుంది.

పెంకుటిళ్ళు, మండువా లోగిళ్ళు

పాత ఇళ్ళలో కొత్తగా స్నానాల గదిని చేర్చేటప్పుడు మొదటి చిక్కు గోడలతో వస్తుంది. మట్టితో గాని, గానుగ సున్నంతో గాని కట్టిన గోడలు చెమ్మను పీల్చి మళ్ళీ గాలికి వదులుతాయి. అటువంటి గోడకు సిమెంటు పూసి, పలకలు అతికిస్తే లోపల చేరిన చెమ్మ బయటకు పోయే దారి మూసుకుపోతుంది. కొంతకాలానికి గోడకు రెండవ వైపున, అంటే పడకగది లేక కొట్టుగది వైపున, పూత పొట్టు లేచి రాలుతుంది. ఆ చెమ్మ దూలాల చివరలకు చేరితే చెదలు పడతాయి. కాబట్టి పాత గోడకే పలకలు వేయకుండా, వెనుక వసారాకు చేర్చి కొత్త ఇటుక గోడలతో చిన్న గదిని కట్టుకోవడం మేలు. పాత గోడకు, కొత్త గోడకు మధ్య కొద్దిపాటి ఖాళీ విడిచి, దాని పైభాగాన్ని వాననీరు దిగకుండా కప్పాలి. పూర్వులు స్నానాన్ని పెరటి వైపు ఉంచడంలో ఉన్న సౌకర్యం దీనివలన మిగులుతుంది. రాత్రివేళ వానలో తడుస్తూ వెళ్ళవలసిన అవస్థ తప్పుతుంది.

ఇక రూపం విషయానికి వస్తే, ఇటువంటి ఇళ్ళ కప్పు ఎత్తుగా ఉంటుంది. మెరిసే పలకలను కప్పు దాకా వేస్తే గది నిలువుగా లోతైన తొట్టిలాగా కనిపిస్తుంది. నీళ్ళు పోసుకునే వైపున సుమారు 2.1 మీటర్ల ఎత్తు వరకు, మిగిలిన గోడలకు 1.2 మీటర్ల ఎత్తు వరకు పలకలు వేసి, ఆపైన తెల్లని రంగు లేదా సున్నం వేయడం ఇంటికి తగినట్లు ఉంటుంది. నేలకు గరుకుగా చెక్కిన నాపరాయి గాని, ఇటుక రంగు ఉన్న మెరుపులేని పలకలు గాని నప్పుతాయి. పాత ఇళ్ళలో ఉండే నునుపైన ఎర్ర గచ్చు చూడడానికి ఎంత అందంగా ఉన్నా, సబ్బునీరు పడే చోట పనికిరాదు. దానిని గది బయట వసారాకు పరిమితం చేయాలి.

సబ్బు, నూనె, సున్నిపిండి పెట్టుకోవడానికి గోడకు తగిలించే ప్లాస్టిక్ అరలకు బదులు గోడలోనే ఒక గూడు కట్టించుకోవచ్చు. మండువా ఇళ్ళలో దీపాలకు, పుస్తకాలకు ఉండే గూళ్ళ ఆకారాన్ని, అంటే పైన కమాను ఉన్న ఆకారాన్ని ఇక్కడ కూడా తీసుకుంటే ఖర్చు లేకుండానే ఇంటి ముద్ర పడుతుంది. గూటి అడుగు భాగం కొంచెం ముందుకు వాలి ఉండాలి, లేకపోతే నీరు నిలుస్తుంది. ఇత్తడి కుళాయిలు ఈ ఇళ్ళకు సహజమైనవి. రాగి కాగును అలంకారం కోసం మూలన పెట్టేవారు కొందరున్నారు. దానిని తోమి వాడుకునే ఇంటిలో అది బాగుంటుంది. వాడనిచోట చిలుము పట్టి చోటు ఆక్రమించడం తప్ప మరో ప్రయోజనం లేదు.

బండల ఇళ్ళు

తాండూరు, బేతంచెర్ల, కడప ప్రాంతాల బండలు తెలుగు రాష్ట్రాల ఇళ్ళలో విరివిగా వాడబడ్డాయి. ఇవన్నీ సున్నపురాయి జాతికి చెందినవి. తాండూరు బండ లేత నీలం, పసుపు, బూడిద రంగులలోను, కడప బండ నలుపు రంగులోను దొరుకుతుంది. ఇంటి నేల అంతా బండలైనప్పుడు స్నానాల గదిలో కూడా అవే బండలు పరచడం అన్నిటికంటే తేలికైన పొందిక. అయితే ఇక్కడ పాలిష్ పెట్టనివి వాడాలి. గరుకు ముఖం ఉన్న బండ తడిలో కూడా కాలికి పట్టునిస్తుంది.

సున్నపురాయిలోని ప్రధాన పదార్థం కాల్షియం కార్బొనేట్. ఇది ఆమ్లంతో చర్య జరిపి బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తూ కరుగుతుంది. ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో గోలీ కాయ పరిమాణం గల చలువరాతి ముక్కలపై హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోసినప్పుడు వచ్చే నురగ ఇదే. మరుగుదొడ్లు కడిగే ద్రావకాలలో చాలావాటిలో ఈ ఆమ్లమే ఉంటుంది. అవి తాండూరు బండ మీద గాని, పాలరాయి మీద గాని, మొజాయిక్ మీద గాని పడితే మెరుపు పోయి, తెల్లని మచ్చలు, ఆపైన చిన్న గుంటలు ఏర్పడతాయి. గ్రానైటు వేరే జాతి రాయి కావడం వలన ఈ ప్రమాదం దానికి చాలా తక్కువ. బండలు పరచిన స్నానాల గదిని సాధారణ సబ్బు ద్రావణంతో, బ్రష్షుతో కడుక్కోవాలి. ఆ ఓపిక లేని ఇంటిలో కమోడ్ చుట్టూ ఉన్న భాగానికైనా అదే రంగు విట్రిఫైడ్ పలకలు వేయడం మంచిది.

మొజాయిక్ కాలపు డాబా ఇళ్ళు

20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో కట్టిన డాబా ఇళ్ళకు మొజాయిక్ నేల, గోడలకు 15 సెంటీమీటర్ల చదరపు తెల్ల పలకలు, గట్టి టేకు చట్రాలు గుర్తులు. ఉద్యోగులు ప్రావిడెంట్ ఫండ్ డబ్బుతో, గృహరుణాలతో కట్టుకున్న ఇళ్ళు ఇందులో ఎక్కువ. వీటికి కూడా ఒక శైలి ఉన్నదని చాలామంది అంగీకరించరు. పాతబడినవన్న ఒక్క కారణంతో అన్నీ పగలగొట్టి కొత్త పలకలు వేయిస్తారు. నిజానికి పాలరాతి ముక్కలను సిమెంటులో కలిపి అరగదీసిన ఆ నేల మళ్ళీ పాలిష్ పెడితే కొత్తదానిలా తేలుతుంది. హాలులో అటువంటి నేలను ఉంచుకొని స్నానాల గదిని మార్చేటప్పుడు మొజాయిక్ ముక్కలలో ఉన్న ఒక రంగును, అంటే ఆకుపచ్చ, బూడిద, లేత ఎరుపులలో ఒకదానిని, తీసుకొని మెరుపులేని నేల పలకను ఎంచుకోవాలి. గోడలకు అదే కొలత తెల్ల పలకలను ఉంచి, ఒక వరుస ముదురు రంగు గీత ఇస్తే చాలు. పలకల వెనుక గోడ తడవకుండా, గట్టిగా ఉంటే పాత పలకలను తీయకపోవడమే ఉత్తమం. వేలి కణుపుతో తట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చిన పలకలను మాత్రం మార్చాలి.

ఇటువంటి ఇళ్ళలో గులాబీ, లేత నీలం, ఆకుపచ్చ రంగు సింకులు, కమోడ్లు కూడా కనిపిస్తాయి. వాటిలో ఒకటి పగిలితే జత దొరకడం కష్టం. అప్పుడు అన్నింటిని కలిపి తెలుపుకు మార్చడం వివేకం. ఒకటి గులాబీ, ఒకటి తెలుపు ఉన్న గది మరమ్మతు మధ్యలో ఆగిపోయినట్లు ఉంటుంది.

అపార్టుమెంట్లు

అపార్టుమెంటు స్నానాల గది తరచుగా 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు ఉంటుంది. జాతీయ భవన నియమావళి ప్రకారం స్నానం, మరుగుదొడ్డి కలిసి ఉన్న గది వైశాల్యం కనీసం 2.8 చదరపు మీటర్లు, వెడల్పు కనీసం 1.2 మీటర్లు ఉండాలి. ఇంత చిన్న గదిలో పలకలు, గొట్టాల దారి కట్టినవారే నిర్ణయించి ఉంటారు. కొనుగోలుదారు చేతిలో మిగిలేవి అద్దం, దీపం, తలుపు రంగు, కుళాయిలు, అరలు. వీటితోనే చాలా మార్పు తీసుకురావచ్చు. సింకు పైన మూల ఫలకం అంత చిన్న అద్దం బదులు సింకు వెడల్పుతో సమానమైన అద్దం పెడితే గది పెద్దదిగా కనిపిస్తుంది.

చిన్న గదిలో నాలుగు గోడలకు నాలుగు రకాల పలకలు, మధ్యలో పువ్వుల పట్టీ, ఒక గోడకు జలపాతం బొమ్మ వేయడం ఒక అలవాటుగా మారింది. దేశంలో పలకల తయారీకి ప్రధాన కేంద్రమైన గుజరాత్ లోని మోర్బీ నుండి వచ్చే రకాలు లెక్కకు మిక్కిలి. దుకాణంలో ఒక్కొక్కటి విడిగా చూసినప్పుడు బాగానే ఉంటాయి. ఇంటిలో అవి పక్కపక్కన నిలిచినప్పుడు ఒకదానిని ఒకటి చెడగొడతాయి. గోడకు ఒక పలక, నేలకు ఒక పలక, ఒక లోహం అన్న పరిమితి అపార్టుమెంటుకు చాలినంత.

సన్నని గదిలో పడకగది నేల రంగునే లోపలికి కొనసాగించడం వలన రెండు గదులు ఒకటిగా తోస్తాయి. అయితే పడకగదిలో వేసిన మెరుపు పలకనే లోపల వేయరాదు. అదే రంగులో మెరుపులేని రకం సాధారణంగా దొరుకుతుంది.

విదేశాలలోని తెలుగువారి ఇళ్ళు

అమెరికా ఇళ్ళలో తొట్టికి, షవరుకు బయట ఉన్న నేలలో సాధారణంగా నీరు పోయే తూము ఉండదు. ఆ గది పొడిగా ఉండాలన్న ఊహతో కట్టబడింది. బకెట్టు, చెంబు అలవాటుగా వాడితే నీరు పలకల సందుల గుండా కింది అంతస్తులోని చెక్క కప్పుకు చేరుతుంది. అందువలన అక్కడి తెలుగు కుటుంబాలు బకెట్టును తొట్టి లోపలే ఉంచుకుంటాయి. కమోడ్ పక్కన చేతి పిచికారీ బిగించుకోవడం కూడా పరిపాటి. తల్లిదండ్రులు ఆరు నెలలు ఉండడానికి వచ్చే ఇంటిలో తొట్టి అంచు దాటడం వారికి కష్టమని గ్రహించి, తొట్టి తీసివేసి నేల మట్టపు షవరు కట్టించుకునేవారు ఉన్నారు.

నేల

స్నానాల గదిలో ముందుగా నిర్ణయించవలసినది నేల. గోడ పలక, నేల పలక ఒకటి కావు. గోడలకు వాడే సాధారణ సిరామిక్ పలకలు తమ బరువులో 10 శాతానికి మించి నీటిని పీల్చగలవు. విట్రిఫైడ్ పలకలు పీల్చేది 0.5 శాతం లేదా అంతకంటే తక్కువ. ధర తక్కువని గోడ పలకలను నేలకు వేస్తే అవి త్వరగా అరిగి, పగులుతాయి.

జారుడుకు వేరే కొలత ఉంది. జర్మనీ ప్రమాణాలను అనుసరించి పలకల పెట్టెల మీద ఆర్9 నుండి ఆర్13 వరకు అంకెలు ముద్రిస్తారు. అంకె పెరిగిన కొద్దీ పట్టు ఎక్కువ. ఇది చెప్పులు, బూట్లు వేసుకున్న కాలికి సంబంధించినది. చెప్పులు లేని తడి కాలికి ఏ, బీ, సీ అనే మరొక వర్గీకరణ ఉంది. అందులో సీ రకానికి పట్టు ఎక్కువ. ఇంటి స్నానాల గదికి ఆర్10 లేదా ఆర్11, బీ రకం చూసుకోవడం మంచిది. పెట్టె మీద ఏమీ లేకపోతే దుకాణంలోనే పలక మీద నీరు, ఒక చుక్క సబ్బు ద్రావణం వేసి అరచేతిని ఒత్తి జరిపి చూడవచ్చు. వ్యాపారి విసుక్కున్నా ఇది చేయదగిన పని.

చిన్న పలకలకు సందులు ఎక్కువ, సందుల వలన కాలికి పట్టు ఎక్కువ. వాలు సరిగా కుదరడం కూడా చిన్న పలకలతోనే తేలిక. నేలకు మీటరుకు 10 నుండి 15 మిల్లీమీటర్ల వాలు ఉండాలి. రెండు అడుగుల పలకతో ఈ వాలు తేవాలంటే దానిని అడ్డంగా కోయవలసి వస్తుంది. నహానీ ట్రాప్ లోని నీరు సుమారు 50 మిల్లీమీటర్ల లోతు ఉండాలి. చాలాకాలం వాడని అతిథుల గదిలో ఆ నీరు ఆవిరైపోయి వాసన వస్తుంది. ఇటువంటి వాసనకు ఊదుబత్తి వెలిగించడం కన్నా ఒక చెంబు నీరు పోయడం సరైన మందు.

రంగు, వెలుతురు, గాలి

పగటి వెలుతురులో ఎంచిన రంగు రాత్రి దీపం కింద వేరుగా కనిపిస్తుంది. 2700 నుండి 3000 కెల్విన్ల దీపాలు పసుపు ఛాయను, 6500 కెల్విన్ల దీపాలు నీలపు ఛాయను ఇస్తాయి. ఇల్లంతా పసుపు ఛాయ దీపాలు ఉన్నప్పుడు స్నానాల గదిలో మాత్రం నీలపు దీపం పెడితే తలుపు తెరవగానే ఆసుపత్రి గుర్తుకు వస్తుంది. ముఖానికి అద్దం పైనుండి ఒకే దీపం పడితే కళ్ళ కింద నీడలు ఏర్పడతాయి. గడ్డం గీసుకునేవారికి, బొట్టు పెట్టుకునేవారికి అద్దానికి రెండు వైపులా దీపాలు ఉండడం అనుకూలం. నీటి తుంపరలను తట్టుకోగల ఐపీ44 గుర్తు ఉన్న దీపాలనే వాడాలి. గీజరు ఉన్న గది విద్యుత్ మార్గానికి 30 మిల్లీ ఆంపియర్ల వద్ద పనిచేసే ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగు తప్పనిసరి. తడి చేతితో స్విచ్చి ముట్టుకునే గదిలో ఇది అలంకరణ కంటే ముందు చూడవలసిన ఖర్చు.

గాలి విషయంలో నియమావళి కనీసం 0.37 చదరపు మీటర్ల కిటికీని లేదా వెంటిలేటరును సూచిస్తుంది. గాలి ఆడని గదిలో ఏ రంగు వేసినా కొద్ది నెలలకు పైకప్పు మూలలో నల్లని బూజు కనిపిస్తుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేయాలంటే తలుపు కింద వేలెడు సందు ఉండాలి, లోనికి గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాను తిరుగుతుంది గాని ఆవిరి కదలదు.

నీటి స్వభావం

బోరు నీరు వాడే ఊళ్ళలో చాలాచోట్ల నీరు కఠినంగా ఉంటుంది. ఆరిన ప్రతి చుక్క ఒక తెల్లని మచ్చను మిగులుస్తుంది. సంచికలలో కనిపించే నల్లని పలకలు, నల్లని కుళాయిలు, గాజు అడ్డుగోడలు ఇటువంటి నీటితో నెలరోజులలోనే చారలు పడతాయి. లేత బూడిద, ఇసుక రంగుల మీద ఆ మచ్చలు అంతగా కనబడవు. నదీజలాలు సరఫరా అయ్యే పట్టణంలో బాగున్న గదిని బోరు నీటి ఊరిలో అనుకరించే ముందు ఇంటిలోని పాత బకెట్టు అడుగున పేరుకున్న సున్నాన్ని చూసుకోవాలి. మచ్చలను పోగొట్టడానికి ఇత్తడి, క్రోమియం కుళాయిలకు నిమ్మచెక్క చాలు. రుద్దిన వెంటనే కడిగివేయాలి. ఇదే నిమ్మరసం బండకు తగలనీయరాదు.

తలుపు

స్నానాల గదిలో ఇంటివారికి, అతిథులకు నిత్యం కనిపించేది దాని తలుపు. ఖర్చు తగ్గించడానికి పడకగదిలో మిగిలిన తలుపులన్నీ చెక్కవి పెట్టి దీనికి మాత్రం బూడిద రంగు ప్లాస్టిక్ తలుపు పెట్టడం వలన గది అందం సగం పోతుంది. బయటి ముఖం మిగిలిన తలుపుల రంగులో, లోపలి ముఖం నీటికి ఓర్చే రేకుతో ఉన్న తలుపులు చేయించుకోవచ్చు. చట్రం అడుగు భాగం నానకుండా గ్రానైటు చట్రం వాడడం తెలుగు రాష్ట్రాలలో ఇప్పుడు సర్వసాధారణం. వాస్తు పాటించే కుటుంబాలు ఈశాన్యంలో మరుగుదొడ్డి పెట్టరు. పూజగది గోడకు, వంటగది తలుపుకు ఎదురుగా దీని తలుపు రాకుండా చూసుకుంటారు. నమ్మకం మాట ఎట్లున్నా, వంటగదికి ఎదురు తలుపు లేకపోవడం శుభ్రత దృష్ట్యా కూడా మంచిదే.

వృద్ధులున్న ఇల్లు

ఇంటిలో పెద్దవారు తడి నేల మీద జారి పడిపోయే ప్రమాదం ఉంది. తుంటి ఎముక విరిగిన తరువాత చాలామంది మునుపటివలె నడవలేరు. అందువలన అరవై దాటినవారు ఉన్న ఇంటిలో శైలి గురించి మాట్లాడేటప్పుడు ఈ అంశాలను చివరికి నెట్టరాదు. తలుపు బయటకు తెరుచుకోవాలి; లోపల మనిషి పడి ఉంటే లోపలికి తెరుచుకునే తలుపును నెట్టడం సాధ్యం కాదు. గడియ బయటనుండి కూడా తీయగలిగేది కావాలి. కమోడ్ ఎత్తు 45 నుండి 48 సెంటీమీటర్లు ఉంటే మోకాళ్ళ నొప్పులవారు సులభంగా లేవగలరు. కమోడ్ పక్కన, షవరు వద్ద పట్టుకునే కమ్మీలను గట్టి గోడలోకి బిగించాలి. తువ్వాలు కడ్డీని ఆసరాగా పట్టుకుంటే అది ఊడి వస్తుంది.

ఈ కమ్మీలు ఇంటిని ఆసుపత్రిలా చేస్తాయని కొందరు పెద్దలే వద్దంటారు. ఆ అభ్యంతరం తీసివేయదగినది కాదు, తమ ఇంట్లో తాము రోగిగా కనబడడం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇక్కడే అలంకరణ నిజంగా ఉపయోగపడుతుంది. కుళాయిలు ఇత్తడి రంగులో ఉంటే కమ్మీ కూడా ఇత్తడి రంగులో, స్టీలైతే స్టీలులో తీసుకోవాలి. దానిని సబ్బు అర కిందనో, తువ్వాలు కడ్డీకి సమరేఖలోనో బిగిస్తే ఇంటి అమరికలో కలిసిపోతుంది. స్నానం చేసేటప్పుడు కూర్చోవడానికి ప్లాస్టిక్ కుర్చీ బదులు గోడకు ఆనించి 45 సెంటీమీటర్ల ఎత్తున కట్టిన రాతి అరుగు పెరటి స్నానపు బండను తలపిస్తుంది; పిల్లలూ దానిని వాడుకుంటారు. గదిలో నేలకు, గోడకు ఒకే రంగు ఉంటే చూపు తగ్గినవారికి అంచు తెలియదు. కాబట్టి గోడకు, నేలకు, కమోడ్ కు మధ్య రంగులో స్పష్టమైన తేడా ఉంచాలి. గడప ఎత్తును 1 లేదా 2 సెంటీమీటర్లకు తగ్గించి, నీరు దాటకుండా తలుపు పక్కన జాలీ కాలువ వేయవచ్చు.

మరమ్మతు చేయించేటప్పుడు

ఉన్న గదిని మార్చేటప్పుడు పనుల వరుస ముఖ్యం. మొదట గొట్టాలు, ఆపైన విద్యుత్ తీగలు, తరువాత నీరు దిగని పూత, దానిపై నీరు నిలిపి పరీక్ష, చివరన పలకలు. పూత వేసిన నేల మీద ఒకటి రెండు రోజులు నీరు నిలిపి కింది అంతస్తు కప్పును చూడాలి. అపార్టుమెంట్లలో ఇరుగుపొరుగు మధ్య తగవులకు పెద్ద కారణం ఈ పరీక్షను వదిలివేయడం. పాత ఫ్లష్ తొట్టెలు ఒక్కసారికి 10 లీటర్లకు పైగా నీరు వదులుతాయి. 3, 6 లీటర్ల రెండు మీటలు ఉన్నవి పెట్టుకుంటే నీటి ట్యాంకరు మీద ఆధారపడే కాలనీలలో త్వరలోనే తేడా తెలుస్తుంది.

ఒకే పేరు, ఒకే సంఖ్య ఉన్న పలకలు కూడా వేరు వేరు దఫాలలో కాల్చినప్పుడు ఛాయలో తేడా వస్తాయి. పెట్టెలన్నింటి మీద బ్యాచ్ సంఖ్య, ఛాయ సంఖ్య ఒకటేనా అని దించుకునేటప్పుడే సరిచూసుకోవాలి. కోతలకు, పగుళ్ళకు పోను ఒక పెట్టె అదనంగా కొని అటక మీద ఉంచుకోవడం మంచిది. పదేళ్ళ తరువాత గొట్టం కోసం ఒక పలకను పగలగొట్టవలసి వచ్చినప్పుడు అదే రకం బజారులో దొరకడం అరుదు.